ముందు ఊపిరి వదలడం నేర్చుకోండి: విశాఖలో ఇంటిపట్టునే చేసుకునే ప్రాణాయామం

2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా లక్షలమంది చాపలు వేసుకుని కూర్చున్న రోజు మన ఊళ్లో ఎవరూ మర్చిపోరు. ఆ ఊపులో చాలామంది రోజూ చేద్దామని మొదలుపెట్టారు, కొన్నాళ్లకి ఆపేశారు. ఎందుకాపేశారని అడిగితే ఒకరికి మోకాళ్లు, ఒకరికి నడుము, ఇంకొకరికి డ్యూటీ టైమింగులు. ఆసనాలకి ఇవన్నీ కలిసిరావాలి, నిజమే. కానీ ఊపిరితో చేసే సాధనకి కుర్చీ ఒకటి ఉంటే చాలు, అది కూడా లేకపోతే మంచం మీద పడుకుని అయినా మొదలుపెట్టొచ్చు. అందుకే టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్లకి, రాత్రి నిద్ర పట్టనివాళ్లకి, షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకి, ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటూ పరీక్ష దగ్గరపడేకొద్దీ గుండె దడ పెంచుకునే పిల్లలకి నేను ముందు ఇదే చెప్తాను.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. ప్రశాంతత ఊపిరి పీల్చడంలో కంటే వదలడంలో ఎక్కువ ఉంది. "గట్టిగా ఊపిరి పీల్చుకో, అంతా సర్దుకుంటుంది" అని అందరూ అంటారు కానీ, కంగారులో ఉన్న మనిషి అప్పటికే ఎక్కువెక్కువగా పీల్చేస్తూ ఉంటాడు. అతనికి కావాల్సింది నిదానంగా, పొడుగ్గా వదలడం. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూసుకోండి. ఎడమచేతి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. నిదానంగా పీల్చండి, ఇంకా నిదానంగా వదలండి. పీలుస్తున్నప్పుడు నాడి కొంచెం వడిగా, వదులుతున్నప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది, పెద్దవాళ్లకి తక్కువగా తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకి, పొట్టకి వెళ్లే వేగస్ నాడి గుండెని నెమ్మదింపజేస్తుంది, దాని పట్టు ఊపిరి వదిలేటప్పుడు పెరుగుతుంది. మామూలుగా కూర్చున్న పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. దాన్ని ఆరు దగ్గరికి తెస్తే గుండె వేగం, రక్తపోటు ఊపిరితో కలిసి ఒక లయలో పడతాయి. మనం చేయబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు పొట్ట సంగతి చూడాలి. ఇది దాటేసి నేరుగా ముక్కు మూసుకుని లెక్కలు మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకి ఎన్నాళ్లు చేసినా సుఖం తెలియదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకి ఆనించి, ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకోండి. పీల్చినప్పుడు బొడ్డు మీది చెయ్యి పైకి లేవాలి, వదిలినప్పుడు కిందికి దిగాలి, గుండె మీది చెయ్యి దాదాపు కదలకూడదు. నిద్రపోతున్న చంటిపిల్లని గమనించండి, సరిగ్గా అలాగే ఊపిరి తీస్తుంది.

మా పక్కింటి పిన్నిగారు దీని గురించి వినగానే "ఏటమ్మా, పుట్టినకాణ్ణించి తీస్తున్న ఊపిరే కదా, దానికి కూడా నేర్చుకునేదేటి?" అన్నారు. సరే, ఒకసారి పడుకోండి పిన్నీ అన్నాను. పీల్చమంటే భుజాలు చెవుల దాకా లేచాయి, పొట్ట లోపలికి పోయింది, చెయ్యి ఉండాల్సిన దానికి ఎదురు దిశలో కదులుతోంది. రెండు మూడుసార్లు అలాగే అయ్యాక చూస్తే లంగా బొందు నడుము చుట్టూ గీత పడేంత బిగుతుగా కట్టి ఉంది. అది వదులు చేసుకుని, బొడ్డు మీద మడత పెట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని పైకి లేపండి అంటే కాసేపటికి తువ్వాలు లేవడం మొదలైంది. ఆవిడ కళ్లు తెరిచి "ఇదేటి, ఇంత గాలి ఎక్కడ పడుతోంది" అన్నారు. మగవాళ్లకి బెల్టు, జీన్స్ ప్యాంటు ఇదే పని చేస్తాయి. కాబట్టి సాధనకి కూర్చునే ముందు నడుము దగ్గర ఏది బిగుతుగా ఉన్నా వదులు చేసుకోండి.

పడుకుని పొట్ట కదలిక బాగా పట్టుబడ్డాక కూర్చుని చేయండి. దీనికి వారమైనా పట్టొచ్చు, తొందరేం లేదు. పద్మాసనం అక్కర్లేదు. కింద కూర్చోగలిగితే పిరుదుల కింద దుప్పటి మడత ఒకటి పెట్టుకుంటే నడుము నిటారుగా నిలబడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలో కూర్చుని, వీపు కుర్చీకి జారబడకుండా, రెండు పాదాలూ నేలకి ఆనేలా చూసుకోండి. మెడ, భుజాలు, దవడ వదులుగా ఉండాలి. పళ్లు బిగపట్టి ప్రాణాయామం చేసేవాళ్లని చూస్తే నాకు బాధనిపిస్తుంది, అంత కష్టపడి శాంతి కోసం కూర్చుని ఆ దవడ దగ్గరే దాన్ని పోగొట్టుకుంటున్నారే అని.

ఇప్పుడు లెక్క. ముక్కుతోనే పీల్చాలి, ముక్కుతోనే వదలాలి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. అంకెకి సెకను చొప్పున వేసుకుంటే ఒక్కో ఊపిరికి పది సెకన్లు, అంటే నిమిషానికి ఆరు. మధ్యలో బిగపట్టొద్దు. ఐదు నిమిషాలు చాలు. నాలుగు, ఆరు కష్టంగా ఉంటే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎక్కువ చేస్తున్నామా తక్కువ చేస్తున్నామా అని తెలుసుకోవడానికి ఒక మంచి గుర్తు ఉంది. వదిలాక వచ్చే తర్వాతి ఊపిరి దానంతటది మెత్తగా రావాలి. ఆబగా లోపలికి లాక్కోవాల్సి వస్తే మీరు వదలడాన్ని మీ శక్తికి మించి సాగదీశారని అర్థం, ఒక అంకె తగ్గించుకోండి. చివర్లో పొట్టని నొక్కి మిగిలిన గాలంతా పిండేయాల్సిన పని కూడా లేదు.

నిజం చెప్పాలంటే చాలామందికి ఇంతవరకు చేస్తే సరిపోతుంది. రోజూ ఐదు నిమిషాలు ఇది ఒక్కటే మానకుండా చేసేవాళ్లు, ఆదివారం గంటసేపు అన్నీ చేసి మిగతా వారమంతా వదిలేసేవాళ్ల కంటే ఎక్కువ లాభపడటం చూస్తున్నాను. అయినా మనసు నిలవడానికి చేతికి ఏదో ఒక పని కావాలనిపించే వాళ్లుంటారు. వాళ్లకి నాడీశోధన, అంటే ఒక్కో ముక్కునీ మార్చి మార్చి మూస్తూ ఊపిరి తీయడం, బాగా పనికొస్తుంది.

మన ఇళ్లల్లో సంధ్యావందనం చేసే తాతగార్లని చూసినవాళ్లకి ముక్కు పట్టుకోవడం కొత్తేమీ కాదు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు అరచేతిలోకి మడవండి. కుడి ముక్కుకి బొటనవేలు, ఎడమ ముక్కుకి ఉంగరపువేలు, దానితోపాటు చిటికెనవేలు. బొటనవేలితో కుడి ముక్కు మూసి ఎడమ ముక్కుతో పీల్చండి. ఎడమ మూసి కుడి నుంచి వదలండి. మళ్లీ ఆ కుడి నుంచే పీల్చి, దాన్ని మూసి ఎడమ నుంచి వదలండి. ఇది ఒక ఆవృత్తి. ఎడమతో మొదలై ఎడమతోనే ముగుస్తుంది. తికమక పడితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఏ ముక్కుతో వదిలారో దానితోనే పీలుస్తారు, పీల్చాక ముక్కు మారుతుంది. ఐదు ఆవృత్తులతో మొదలుపెట్టి పది వరకు పెంచుకోవచ్చు, లెక్క మాత్రం ఆ నాలుగు, ఆరే.

ముక్కుని ఎక్కడ నొక్కాలన్నది ముఖ్యం. పైన గట్టి ఎముక ఉంటుంది, దాని కిందనే మెత్తగా మొదలయ్యే చోట వేలు ఆనిస్తే చాలు, దారి మూసుకుంటుంది. కింద చివర నొక్కితే ముక్కు వంకరపోయి రెండో వైపు కూడా ఇరుకైపోతుంది. కాసేపటికి మోచెయ్యి నొప్పెట్టి తల కుడివైపుకి వాలిపోతుంది, మోచెయ్యిని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి, తల మాత్రం నిటారుగానే ఉంచండి. ఒక ముక్కు సరిగా ఆడట్లేదని కంగారుపడొద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా కొన్ని గంటలపాటు ఒక వైపు, తర్వాత రెండో వైపు ఎక్కువగా ఆడటం శరీర స్వభావం. జలుబు చేసి పూర్తిగా దిబ్బడ వేసిన రోజు మాత్రం ఇది మానేసి, హాయిగా ఉన్నంత మేరకు మామూలు లెక్కతో సరిపెట్టుకోండి. ముక్కు శుభ్రం కోసం జలనేతి చేసేవాళ్లకి ఒక్క మాట: కుళాయి నీళ్లు నేరుగా పోయకూడదు, కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది భ్రామరి. లెక్కపెట్టడం రానివాళ్లకి, పిల్లలకి, ఆలోచనలు ఆగనివాళ్లకి ఇంత తేలికైనది ఇంకోటి లేదు. పెదాలు మూసి, లోపల పళ్లు తగలకుండా కొంచెం ఎడంగా ఉంచి, ముక్కుతో పీల్చి, వదిలేటప్పుడు "మ్..." అని తుమ్మెదలా సన్నగా శబ్దం చేయాలి. చెవి రంధ్రం ముందు చిన్న రెక్కలా ఉంటుంది కదా, దాన్ని వేలితో మెల్లగా నొక్కి చెవులు మూసుకుంటే ఆ నాదం తలంతా నిండుతుంది. చెవి లోపలికి వేలు దూర్చొద్దు, చెవిపోటు ఉన్నవాళ్లు అసలు మూసుకోకుండానే చేయండి. ఇందులో గొప్ప ఏమిటంటే శబ్దం చేస్తున్నంతసేపు ఊపిరి సన్నగానే బయటికి పోతుంది కాబట్టి, ప్రత్యేకంగా ప్రయత్నించకుండానే వదలడం పొడుగవుతుంది. ఇలా హమ్ చేసినప్పుడు ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు మామూలు కంటే చాలా ఎక్కువగా ముక్కులోకి వస్తుందని పరిశోధకులు కొలిచి చూశారు. రాత్రి పడుకునే ముందు ఐదారుసార్లు చేయండి. నైట్ షిఫ్టు దిగి గాజువాకలో ఇంటికొచ్చి, బయట బండ్ల హారన్లు మోగుతుంటే పగలు పడుకోవాల్సిన వాళ్లకి ఇది మరీ మంచిది, కిటికీ తెర వేసి, ఫోను పక్కన పెట్టి, పక్క మీద కూర్చునే చేయొచ్చు.

మే నెలలో మన ఊరి ఉక్కపోత సంగతి తెలిసిందే, చెమట ఆరదు, చిరాకు తగ్గదు. అప్పుడు శీతలి కొంచెం హాయినిస్తుంది: నాలుకని గొట్టంలా చుట్టి దాని గుండా గాలి పీల్చి, నోరు మూసి ముక్కుతో వదలడం. నాలుక చుట్టడం అందరికీ రాదు, రానివాళ్లు పళ్లు కలిపి ఆ సందుల్లోంచి పీలిస్తే అది శీత్కారి. అయితే నోటితో పీల్చే గాలి ముక్కులోలా వడకట్టబడదు, కాబట్టి దుమ్ము రోడ్డు పక్కన, జలుబు దగ్గు ఉన్నప్పుడు, ఆస్తమా ఉన్నవాళ్లు ఇది చేయొద్దు.

పొట్టని కుదుపుతూ ముక్కుతో గబగబా గాలి బయటికి కొట్టే కపాలభాతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు అడిగేది దాని గురించే. టీవీలో చూసి, పొట్ట తగ్గుతుందని విని, మొదటిరోజే వందల స్ట్రోకులు కొట్టేస్తారు. హఠయోగంలో దాన్ని ఆరు శుద్ధి క్రియల్లో ఒకటిగా చెప్పారు, మనసు నెమ్మదించడానికి వాడే ప్రాణాయామాల జాబితాలో కాదు. గబగబా గాలి బయటికి కొడుతూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరగడం, పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కడం జరగొచ్చు. కొందరు దాన్ని శక్తి రావడం అనుకుంటారు. అది ఆపమని శరీరం చెప్పే గుర్తు, వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. బీపీ ఎక్కువున్నవాళ్లు, గుండె జబ్బు, హెర్నియా, మూర్ఛ, గ్లకోమా ఉన్నవాళ్లు, గర్భిణులు, పొట్టకి ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు దాని జోలికి పోకూడదు. ఊపిరి బిగపట్టే కుంభకం కూడా ఇలాంటివాళ్లు చేయకూడదు, మిగతావాళ్లు కూడా గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకునేదాకా ఆగాలి. సింహాన్నీ ఏనుగునీ పులినీ మెల్లమెల్లగా లొంగదీసినట్టే ప్రాణాన్ని కూడా లొంగదీయాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుంది అని హఠయోగ ప్రదీపికలో ఉంది. అంత పాత గ్రంథమే అంత గట్టిగా హెచ్చరించాక మనం తొందరపడటం దేనికి? పద్ధతిగా ముందుకి వెళ్లాలనుకునేవాళ్లకి మన ఆంధ్రా యూనివర్సిటీలో యోగా చదువుకే ఒక విభాగం ఉంది, అలాంటిచోట చదువుకున్న టీచర్లని వెతుక్కోండి.

ఇక ఎప్పుడు, ఎక్కడ. పొద్దున్నే ఖాళీ కడుపుతో అయితే అన్నిటికంటే మేలు. కుదరకపోతే టిఫిన్ అయ్యాక రెండు గంటలు, భోజనం అయ్యాక మూడు నాలుగు గంటలు ఆగండి. బీచ్ రోడ్డులో పొద్దున్న పూట బండ్లు ఆపేస్తారు కాబట్టి ఆ వేళలో గట్టు మీద కూర్చుని చేసుకోవడం నిజంగా అదృష్టం, మన ఊరికి ఉన్నంత పెద్ద సముద్రం ఎదురుగా పెట్టుకుని ఊపిరి తీసుకునే యోగం ఎంతమందికి ఉంటుంది. ఇసుకలో కూర్చుంటే మాత్రం నడుము వంగిపోతుంది, గట్టు నయం. కానీ రోజూ బీచికి వెళ్లాలని నియమం పెట్టుకుంటే వాన పడిన రోజు, ఒళ్లు నొప్పిగా ఉన్న రోజు సాధన ఆగిపోతుంది, అందుకని ఇంట్లో ఒక మూల ఖాయం చేసుకోండి.

వన్‌టౌన్ వైపు ఉన్నవాళ్లు, హైవే పక్క ఫ్లాట్లలో ఉన్నవాళ్లు ముందు కిటికీ ఊచల మీద వేలితో రాసి చూడండి. వేలు నల్లబడితే, ఆ కిటికీ దగ్గర కూర్చుని లోతుగా పీల్చే ప్రతి ఊపిరితో అదే లోపలికి పోతోంది. కిటికీ మూసి, లోపలి గదిలో, ఫ్యాను గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా కూర్చోండి. ఇంకో సంగతి, చలికాలంలో తెల్లవారుజామున చల్లగాలి కింద బరువుగా నిలిచిపోయి పొగ, దుమ్ము పైకి లేవవు. డిసెంబరు, జనవరిలో రోడ్డు పక్కన ఉండేవాళ్లు బ్రహ్మముహూర్తం అని పట్టుబట్టకుండా ఎండ కాస్త ఎక్కాక చేస్తే ఊపిరితిత్తులకి మంచిది.

రోజులో మధ్యమధ్య వాడుకోవడం మర్చిపోకండి. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఒళ్లు మండుతున్నప్పుడు, ఆఫీసులో ఎవరో మాట అన్నప్పుడు, బీపీ చూపించుకోవడానికి వరసలో కూర్చున్నప్పుడు ముందు ఒక్కసారి నిదానంగా వదిలేయండి, తర్వాత పీల్చండి. అలా ఐదారుసార్లు. బండి నడుపుతున్నప్పుడు కళ్లు మూయడం, ముక్కు పట్టుకోవడం లాంటివి పొరపాటున కూడా వద్దు, వదలడం కొంచెం పొడుగు చేస్తే చాలు.

కొంతమందికి ఊపిరి మీద దృష్టి పెట్టగానే ఆయాసం, భయం ఎక్కువవుతాయి. ఇది వాళ్ల తప్పు కాదు, బలవంతంగా కొనసాగించాల్సిన అవసరమూ లేదు. కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకి తగులుతున్న చోటు గమనించండి, లేదా లేచి అడుగులు లెక్కపెడుతూ నడవండి. వాళ్లకి భ్రామరి, అది కూడా చెవులు మూయకుండా, బాగా పడుతుంది.

బీపీ మాత్రలు, ఆస్తమా ఇన్‌హేలర్ ప్రాణాయామం మొదలుపెట్టామని ఆపేయొద్దు, డాక్టరు చెప్తేనే మార్చాలి. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం ఉంటే అది ఊపిరి లెక్కలు పెట్టుకునే సమయం కాదు, ఆస్పత్రికి వెళ్లాలి. దిగులు, భయం వారాల తరబడి వదలకపోయినా అంతే. అలాంటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది, వెళ్లడానికి జంకొద్దు. సాధన వైద్యం పక్కన నడుస్తుంది.

అయిపోగానే దిగ్గున లేవకండి. లెక్క వదిలేసి ఒకటి రెండు నిమిషాలు ఊపిరిని దాని ఇష్టానికి వదిలి కూర్చోండి, పడుకుని చేసినవాళ్లు కుడిపక్కకి తిరిగి చెయ్యి ఊతంతో లేవండి. నాలుగు, ఆరు బొత్తిగా శ్రమ లేకుండా సాగుతోందని అనిపించిన తర్వాత, అది నెల పట్టినా రెండు నెలలు పట్టినా, వదలడాన్ని ఏడుకి, ఆ తర్వాత ఎనిమిదికి పెంచి చూడండి. పీల్చడం మాత్రం నాలుగే. ఎనిమిది దగ్గర తర్వాతి ఊపిరి ఆబగా లాక్కోవాల్సి వస్తే మళ్లీ ఆరుకి వచ్చి ఇంకొన్నాళ్లు అక్కడే ఉండండి.